పోస్టర్‌లో నేను వదిలేసిన లైను

చిన్నప్పటి నుంచి నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ అంటే ఒక బస్ స్టాప్. విద్యానగర్‌లో ఆమె పేరుతో ఆసుపత్రి ఉంది కదా, అక్కడ దిగితే మా అమ్మమ్మ వాళ్ళిల్లు నడిచి వెళ్ళేంత దూరం. కండక్టర్ "దుర్గాబాయ్, దుర్గాబాయ్" అని అరవగానే బ్యాగ్ భుజానేసుకుని లేచేవాణ్ణి, అంతే. ఆ పేరు వెనక ఒక మనిషి ఉండి ఉంటుందని ఎప్పుడూ అనిపించలేదు. దేశ్‌ముఖ్ అని ఉంది కాబట్టి ఎవరో మరాఠీ ఆవిడ అయ్యుంటుంది అనుకున్నా. రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగిన తెలుగావిడ అని తెలిసింది పోయినేడు జులైలో. అది కూడా జ్ఞానం మీద ఆసక్తితో కాదు, పోస్టర్ చేయడానికి.

మన ఎన్ఎస్ఎస్ యూనిట్‌లో జయంతులకి పోస్టర్లు చేసే పని నాది. జులై 15న ఆమె జయంతి. 1909లో పుట్టారు. నాకు ఇచ్చిన టైమ్ ఒక సాయంత్రం. కాన్వాలో ఒక టెంప్లేట్ తీసుకుని, ఆమె బ్లాక్ అండ్ వైట్ ఫొటో పెట్టి, పక్కన నాలుగు లైన్లు రాశా. నెహ్రూనే ఆపిన బాలిక. రాజ్యాంగ సభ సభ్యురాలు. ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు. పద్మవిభూషణ్, 1975. కింద యూనిట్ లోగో. ఇన్‌స్టాలో పెడితే లైకులు బాగానే వచ్చాయి, ఒక ప్రింటు మెస్ నోటీస్ బోర్డు మీద కూడా అంటించారు. నా మటుకు దుర్గాబాయి గారి పని అక్కడితో అయిపోయింది.

ఆ పోస్టర్‌లో ఒక తప్పు ఉంది. స్పెల్లింగ్ తప్పు కాదు (నా తెలుగు తెలిసినవాళ్ళు మొదట అదే అనుకుంటారు. స్కూలంతా ఇంగ్లిష్ మీడియం, ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం, కాబట్టి నేను తెలుగు నేర్చుకున్నది సినిమా పోస్టర్ల దగ్గర). తప్పేంటంటే, చదివేవాళ్ళలో ఒక్కరికైనా పనికొచ్చే లైన్ ఒకటుంటే దాన్నే వదిలేశా. ఆ సంగతి నాకు చెప్పింది మా మెస్‌లో వడ్డించే అక్క.

నోటీస్ బోర్డు ముందు నిలబడి కొంచెం కొంచెంగా కూడబలుక్కుంటూ చదువుతోంది. నేను ప్లేట్ పట్టుకుని వెళ్తుంటే ఆపింది.

"తమ్మీ, గీమె గా దవాఖాన ఆమెనే గదా? నా పెద్దబిడ్డ గా దవాఖాన్లనే పుట్టింది."

ఔనక్కా అన్నా.

"నెహ్రూని ఎందుకాపింది?"

టికెట్ కథ చెప్పా. బాగా చెప్పాననే అనుకున్నా. అక్క తల ఊపింది, పెద్దగా ఏమీ అనలేదు. "మస్తు సదువుకుందా?" అని అడిగింది. అప్పుడు, నేను రెండు రోజుల క్రితం చదివి పోస్టర్‌లో స్థలం చాలక వదిలేసింది చెప్పా. లేదక్కా, పన్నెండేళ్ళకే బడి మానేసింది, ఇరవై దాటాక మళ్ళీ మొదలుపెట్టి మెట్రిక్ రాసింది, ఆ తర్వాత లా చదివింది, అని.

అక్క చేతిలో గంటె అట్లాగే ఉంది. "ఇరవై దాటినంకనా? నేను ఎనిమిది దాకా చదివిన. పెండ్లయింది, ఆగింది. నేను రాయొచ్చా పది, గిప్పుడు?"

సరే, ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. కానీ ముందు దుర్గాబాయి గారి గురించి పోస్టర్ కన్నా కాస్త నిజాయితీగా రాయాలి. పోయినేడు నేను చేయని పని అది.

టికెట్ కథ అందరికీ తెలుసు. 1923 డిసెంబర్, కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు. పక్కన ఖాదీ ప్రదర్శన. పద్నాలుగేళ్ళ దుర్గాబాయి అక్కడ వాలంటీర్. టికెట్ లేనివాళ్ళని లోపలికి పంపొద్దని ఆమెకి చెప్పిన పని. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు, టికెట్ లేదు, ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టికెట్ కొనిచ్చాకే వదిలింది. నెహ్రూ కోప్పడలేదు, మెచ్చుకున్నారు. ఈ కథని మనం ఎట్లా చెప్తామంటే, ఏదో మాస్ సినిమాలో హీరో ఇంట్రడక్షన్ లాగా చెప్తాం. చిన్న పిల్ల, పెద్ద నాయకుడు, చెయ్యి అడ్డం, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్.

నాకు ఇప్పుడు ఆ కథలో వేరేది కనిపిస్తోంది. నెహ్రూ రాకముందు ఆ గేటు దగ్గరికి ఎంతమంది వచ్చి ఉంటారు? వాళ్ళందరి టికెట్లూ ఆ పిల్ల చూసే ఉంటుంది కదా. చూడకపోతే నెహ్రూదీ చూసేది కాదు. అంటే అక్కడ జరిగింది ధైర్యం కన్నా ముందు బోరింగ్ పని. ఒక గుమ్మం దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరినీ అదే ప్రశ్న అడగడం. ఆ రోజు ఒక ఫేమస్ మనిషి లైన్లో వచ్చారు కాబట్టి మనదాకా చేరింది. రాకపోయినా ఆ పిల్ల ఆ పని చేస్తూనే ఉండేది, మనకి తెలిసేది కాదు. మన యూనిట్ భాషలో చెప్పాలంటే, ఫొటో పడని డ్యూటీ.

ఆమె బడి మానేసిన కారణం వింటే మనలో చాలామందికి కాస్త ఇబ్బందిగా ఉంటుంది. పన్నెండేళ్ళప్పుడు, బడిలో ఇంగ్లిష్ మీడియం రుద్దుతున్నారని నిరసనగా మానేశారు. ఇంగ్లిష్ మీడియంలో చదివి, ఇంగ్లిష్‌లో ఆలోచించి, దాన్ని తెలుగులోకి మార్చి ఈ వ్యాసం రాస్తున్న నేను ఆ లైన్ దగ్గర కాసేపు ఆగా. మా అమ్మానాన్న అప్పు చేసి మరీ కొనిచ్చింది ఆ ఇంగ్లిష్ మీడియమే. ఆమె వదిలేసిందీ అదే.

అయితే బడి మానేసి ఆమె ఇంట్లో కూర్చోలేదు. హిందీ నేర్చుకున్నారు, నేర్చుకున్నది ఇంకొందరు ఆడపిల్లలకి నేర్పడానికి బాలికా హిందీ పాఠశాల పెట్టారు. అంటే తను చదువుకోవాల్సిన వయసులో ఇంకొకరికి టీచర్. ఇక్కడ ఇంకో తమాషా ఉంది. చిన్నప్పుడు ఇంత ఇష్టంగా హిందీ నేర్పిన మనిషే, తర్వాత రాజ్యాంగ సభలో భాష మీద చర్చ వచ్చినప్పుడు, దక్షిణాది మీద హిందీని బలవంతంగా రుద్దే తీరుని తప్పుపట్టారు. ఇంగ్లిష్ రుద్దితే బడి మానేశారు, హిందీ రుద్దితే సభలో మాట్లాడారు. ఆమెకి భాషలతో గొడవ లేదనీ, రుద్దడంతోనే గొడవనీ నాకు అర్థమైంది. ఆమె తర్వాత లా చదివింది, సభలో వాదించింది అదే ఇంగ్లిష్‌తో. కాబట్టి 'చూశారా, ఇంగ్లిష్ మీడియం వద్దంది' అని ఆమెని వాడుకునేవాళ్ళూ, 'చూశారా, చివరికి ఇంగ్లిషే దిక్కు' అనేవాళ్ళూ ఇద్దరూ సగమే చదివినట్టు.

ఎనిమిదేళ్ళకే ఆమెకి పెళ్ళి చేశారు. పెద్దయ్యాక కాపురానికి వెళ్ళనని చెప్పేశారు, పుట్టింటివాళ్ళు ఆమె వైపే నిలబడ్డారు. ఆ రోజుల్లో ఇది మామూలు విషయం కాదని నేను ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. కానీ నాకు నచ్చింది దీని తర్వాతి భాగం. ఆయన వేరే పెళ్ళి చేసుకున్నారు. ఆయన పోయాక, ఆ రెండో భార్యకి చేతిపని నేర్పించి సొంతంగా బతికేలా నిలబెట్టింది దుర్గాబాయి గారే. నేనైతే ఆ స్థానంలో ఉంటే ఆ ఇంటి పేరు కూడా గుర్తుపెట్టుకునేవాణ్ణి కాదు.

1930లో ఉప్పు సత్యాగ్రహం. 1933 లోపు మూడుసార్లు జైలుకి వెళ్ళారు. మధురై జైల్లో ఒంటరి గదిలో పెట్టారు. జైళ్ళలో ఆమె చూసింది రాజకీయ ఖైదీలనే కాదు, మామూలు నేరాల కింద వచ్చిన ఆడవాళ్ళని కూడా. వాళ్ళలో కొందరికి చదువు రాదు, తమ మీద పెట్టిన కేసేంటో కూడా తెలీదు. తాను లాయర్ అవ్వాలని అనుకున్నది అక్కడే. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క చూడండి. వయసు ఇరవై నాలుగు. చదువు పన్నెండేళ్ళకి ఆగింది. లాయర్ అవ్వాలంటే మెట్రిక్, ఇంటర్, డిగ్రీ, ఆ తర్వాత లా. మనకి ఒక బ్యాక్‌లాగ్ ఉంటేనే నిద్రపట్టదు. ఆమెకి మొత్తం బ్యాక్‌లాగే.

మొదలుపెట్టారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రైవేటుగా రాశారు. ఆ తర్వాత డిగ్రీకి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్తే, ఆడవాళ్ళకి హాస్టల్ లేదు కాబట్టి సీటు కష్టమన్నారట. అప్పుడు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఆమె వెనక్కి రాలేదు. చదువుకోవాలనుకునే ఆడపిల్లలు ఇంకెవరైనా ఉన్నారా అని పేపర్లో ప్రకటన ఇచ్చి, వచ్చినవాళ్ళతో కలిసి హాస్టల్ తామే పెట్టుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. కోడ్ రన్ అవ్వకపోతే, ఎర్రర్ మెసేజ్ ఏముందో చదివి, లేనిదేదో ముందు ఇన్‌స్టాల్ చేసినట్టు ఉంది. హాస్టల్ లేదు, అందుకే సీటు లేదు. సరే, హాస్టల్ ఉంటే?

1942లో మద్రాసులో లా పూర్తయింది. కానీ ఈ లోపలే ఆమె ఇంకోటి చేశారు. నా దృష్టిలో ఆమె జీవితం మొత్తంలో ముఖ్యమైనది అదే, పోస్టర్లలో ఎప్పుడూ ఒక లైనుకే పరిమితమయ్యేదీ అదే. తను ఏ దారిలో బనారస్ మెట్రిక్ దాకా వచ్చారో, ఆ దారిలోనే మద్రాసులో ఉన్న తెలుగు అమ్మాయిలని, ఆడవాళ్ళని తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. చదువు ఆగిపోయినవాళ్ళు, భర్త పోయినవాళ్ళు, ఇంట్లో వద్దన్నవాళ్ళు. వాళ్ళని కూర్చోబెట్టి బనారస్ మెట్రిక్ పరీక్షకి తయారు చేయడం. 1937లో ఆంధ్ర మహిళా సభ అలా మొదలైంది. తర్వాత అది ఎంత పెద్దదైందో హైదరాబాద్ వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఉస్మానియా క్యాంపస్‌లో కాలేజీ, విద్యానగర్‌లో ఆసుపత్రి. కానీ మొదలు మాత్రం ఒక పరీక్ష, దానికి కూర్చునే కొంతమంది.

చాలామంది చదువుకుని పైకొస్తారు. పైకొచ్చాక స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. తను ఇంకా చదువుతూ ఉండగానే, తను దాటిన మెట్టు దగ్గరికి వెనక్కి వెళ్ళి నిలబడ్డవాళ్ళు మాత్రం తక్కువ. 'నేను సెటిల్ అయ్యాక సేవ చేస్తా' అని మనందరం అనుకుంటాం కదా (నేను కూడా, ప్యాకేజీ ఎంతైతే సెటిల్ అయినట్టో లెక్కతో సహా). ఆమె అట్లా ఆగలేదు.

1946లో రాజ్యాంగ సభకి వెళ్ళారు. ఆ సభలో ఆడవాళ్ళు మొత్తం పదిహేనుమంది. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె. ఆ తర్వాత 1952 ఎన్నికల్లో ఓడిపోయారు. ఇది ఏ పోస్టర్‌లోనూ ఉండదు. ఓడిపోయాక ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆ ఏడే చింతామణ్ దేశ్‌ముఖ్ గారితో పెళ్ళి. అప్పుడాయన ఆర్థిక మంత్రి. పెళ్ళికి సాక్షి సంతకం పెట్టినవాళ్ళలో నెహ్రూ ఒకరు. ముప్పై ఏళ్ళ క్రితం టికెట్ లేదని ఆపిన మనిషి.

ఆమె బోర్డులో ఉండగా, 1958లో ఒక పథకం వచ్చింది. దాని పేరే కండెన్స్‌డ్ కోర్సు. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవయసు ఆడవాళ్ళకి, ఏళ్ళ తరబడి చదవాల్సిన సిలబస్‌ని రెండేళ్ళకి కుదించి, మిడిల్ స్కూల్, మెట్రిక్ పరీక్షలు రాయించడం. పాసైనవాళ్ళు టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు అవ్వొచ్చు. పల్లెల్లో ఆ ఉద్యోగాలకి చదువుకున్న ఆడవాళ్ళు దొరకట్లేదు. ఇంకోవైపు చదువు ఆగిపోయిన ఆడవాళ్ళు పల్లెపల్లెకీ ఉన్నారు. ఈ రెంటినీ కలిపారు, అంతే. మన క్లాసుల్లో, హ్యాకథాన్లలో రోజూ వినే మాట ఒకటుంది, స్కేల్ చేయడం. యాప్ రాసేముందే పది లక్షల యూజర్లకి ఆర్కిటెక్చర్ గీస్తాం. ఆమె స్కేల్ చేసిన వరస చూడండి. మొదట ఒక్క మనిషి, ఆమే. తర్వాత మద్రాసులో కొంతమంది. ఆ తర్వాత దేశం మొత్తానికి ఒక పథకం. మొదటి యూజర్ పాసయ్యాకే రెండో అడుగు వేశారు.

ఇప్పుడు మన సంగతి.

మన యూనిట్‌లో ఏడాదికి నూట ఇరవై గంటలు చూపించాలి. చూపించాలి అనే మాటే వాడతాం, చేయాలి అని కాదు. పోయినేడు నేను, నా ఫ్రెండ్స్ ఇంకో ముగ్గురం కలిసి కాలేజీకి దగ్గర్లో ఉన్న ఒక బడిలో పిల్లలకి ఆదివారాలు కంప్యూటర్ నేర్పుతామన్నాం. మొదటి ఆదివారం బాగా జరిగింది, రెండోదీ జరిగింది. ఫొటోలు వచ్చాయి, రిపోర్ట్ రాశాం, గంటలు ఎక్కాయి. మూడో ఆదివారం హ్యాకథాన్ ఉండి వెళ్ళలేదు. చెప్పలేదు కూడా. తర్వాత ఎప్పుడో ఆ బడి సార్ బస్ స్టాప్‌లో కనిపించి, తిట్టలేదు, మామూలుగానే అన్నారు, ఆ రోజు పిల్లలు పదకొండింటి దాకా వరండాలో కూర్చున్నారు బాబూ, అని. నాలుగో ఆదివారం మాకు ముఖం చెల్లలేదు. ఐదోది వచ్చేసరికి మర్చిపోయాం. సర్టిఫికెట్ మాత్రం నా లింక్డ్‌ఇన్‌లో ఇప్పటికీ ఉంది.

ఈ విషయం నేను సీనియర్ ఒకాయనతో అంటే ఆయనొక మాట అన్నాడు, అది న్యాయమైన మాటే. 'గంటలు లెక్కపెట్టకపోతే ఆ రెండు ఆదివారాలు కూడా జరిగేవి కాదు. ఏదీ లేనిదానికన్నా ఇది నయం కదా.' రక్తదాన శిబిరం లాంటివాటికి అది నిజం. ఒక్కరోజు వెళ్ళి ఇచ్చొస్తే ఆ పని పూర్తయినట్టే. చదువు అట్లా కాదు. రెండు రోజులు చెప్పి వదిలేస్తే, చెప్పకముందు కన్నా ఘోరం. వరండాలో కూర్చున్న ఆ పిల్లలు ఇంకోసారి కాలేజీ అన్నలు వస్తున్నారంటే నమ్ముతారా? మనం వాళ్ళకి ఇచ్చింది కంప్యూటర్ కాదు, ఒక అనుమానం. నేను గంటల లెక్క తీసేయమనట్లేదు. చదువు చెప్పే పనికి మాత్రం గంటలు కాకుండా వేరే లెక్క పెట్టమంటున్నా. ఎంతమందితో మొదలుపెట్టాం, ఎంతమంది పరీక్ష రాశారు, ఎంతమంది పాసయ్యారు. ఆ మూడు అంకెలు రిపోర్ట్‌లో రాయమంటే మన రిపోర్టులన్నీ ఒక్క పేజీకి వచ్చేస్తాయి. రానివ్వండి.

సరే, అక్క దగ్గరికి వస్తా.

రాయొచ్చా అని అడిగింది కదా. రాయొచ్చు. ఓపెన్ స్కూల్ ఉంది, పద్నాలుగేళ్ళు దాటిన ఎవరైనా పది రాయొచ్చు, పై వయసుకి పరిమితి లేదు. ఒకేసారి అన్నీ పాసవ్వాలని కూడా లేదు, పాసైన సబ్జెక్టులు అలాగే ఉంటాయి, మిగిలినవి మళ్ళీ రాయొచ్చు. ఇవన్నీ నాకు అప్పుడు తెలీదు, అక్క అడిగాక ఫోన్లో చూసి చెప్పా. ఆ పదో తరగతి ఎందుకంటే, ఒక హాస్టల్లో అటెండర్ పోస్టుకి పది పాస్ కావాలన్నారట. వంటగదిలో నిలబడి నిలబడి అక్కకి మోకాళ్ళ నొప్పులు. ఆ ఉద్యోగంలో కుర్చీ ఉంటుంది. ఇంతే కారణం. పెద్ద కల ఏమీ లేదు, కుర్చీ కావాలి.

అప్లికేషన్ నింపేటప్పుడు సబ్జెక్టుల దగ్గర ఆగాం. లెక్కల బదులు గృహవిజ్ఞానం తీసుకునే వీలుంది. మేము తెలివిగా అదే తీసుకోమన్నాం. అక్క ఒప్పుకోలేదు. "ఇంటి పని దినాం చేస్తనే ఉన్న, మళ్ళ పుస్తకంల ఎందుకు? నాకు లెక్కలే గావాలె." నా రూమ్‌మేట్ ఇంకోసారి నచ్చజెప్పబోతే అక్క వాడి ప్లేట్లో రెండో గరిటె పప్పు వేయలేదు. లెక్కలే పెట్టాం.

మెస్ మూసేది తొమ్మిదింటికి. బగోనాలు కడిగి, బల్లలు తుడిచి అక్క వచ్చేసరికి తొమ్మిదింపావు. ముప్పావు గంట చెప్పుకునేవాళ్ళం, తర్వాత అక్క చివరి బస్సు. తెలుగు, సోషల్ అక్క తనే చదువుకుంది. సైన్స్ నా రూమ్‌మేట్. ఇంగ్లిష్, లెక్కలు నేను. అసలు కష్టం ఏంటంటే లెక్కలు నాకు ఇంగ్లిష్‌లోనే వచ్చు. హారం, లవం, వర్గమూలం, సమీకరణం, ఈ మాటలు నేను మొదటిసారి విన్నది అక్క పుస్తకంలోనే. కాబట్టి అక్క నాకు పదం చదివి వినిపించేది, నేను అదేంటో బొమ్మ చూసి కనిపెట్టి అక్కకి చెప్పేవాణ్ణి. టీచర్ ఎవరో స్టూడెంట్ ఎవరో చూసేవాళ్ళకి అర్థమయ్యేది కాదు.

ఒకరోజు అనుపాతం దగ్గర ఆగిపోయాం. ఎక్స్ అనగానే అక్క ముఖం మూసుకుపోయేది. విసుగొచ్చి పెన్ను పక్కన పెట్టి అడిగా, అక్కా, వంద మందికి పన్నెండు కిలోల బియ్యం పోస్తే మూడొందల యాభై మందికి ఎన్ని పోస్తావ్? "నలభై రెండు. ఆదివారమైతే నలభై చాలు, కొంతమంది ఇండ్లకు పోతరు." నేను నోట్‌బుక్‌లో ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు ఫార్టీ టూ అని రాసి చూపించా. చాలాసేపు చూసింది. "ఓ, ఎక్స్ అంటే బియ్యమా" అంది. ఔను, ఆ రోజుకి ఎక్స్ అంటే బియ్యమే.

నేను మానేసిన రోజులూ ఉన్నాయి, దాచను. ఇంటర్నల్స్ అప్పుడు వారం పోయింది. ఒకసారి క్రికెట్ మ్యాచ్. కానీ ఇక్కడ వరండాలో పిల్లల్లాగా కాదు, మరుసటి రోజు ఇడ్లీ దగ్గర అక్క ఎదురుగా నిలబడాల్సిందే. "నిన్న రాలే తమ్మీ" అంటుంది, చట్నీ వేస్తూ. ప్లేట్ పట్టుకుని తప్పించుకోలేం కదా. దూరంగా ఉన్న ఊరికి వెళ్ళి సేవ చేయడం కన్నా, రోజూ ముఖం చూసే మనిషికి చదువు చెప్పడం ఎందుకు కష్టమో, ఎందుకు నిలబడుతుందో నాకు అక్కడ తెలిసింది. దుర్గాబాయి గారు మొదలుపెట్టింది కూడా తన చుట్టూ మద్రాసులో ఉన్న తెలుగువాళ్ళతోనే.

పరీక్షలు వేసవిలో అయ్యాయి. అక్క నాలుగు సబ్జెక్టులు పాస్. ఇంగ్లిష్‌లో ముప్పై ఎనిమిది వచ్చినప్పుడు మెస్ మొత్తానికి చక్కెర పొంగలి చేసింది, ఆ రోజు మెనూలో లేదు, సూపర్‌వైజర్ కూడా ఏమీ అనలేదు. లెక్కలు ఇరవై తొమ్మిది. పోయింది. ఆ పోయిన ఆరు మార్కుల్లో నా ఇంటర్నల్స్ వారం ఎంత, మ్యాచ్ ఎంత అని నేను లెక్కేసుకోకుండా ఉండలేకపోయా. గృహవిజ్ఞానం తీసుకుంటే అయిపోయేది కదక్కా అని నా రూమ్‌మేట్ అన్నాడు. అక్క వాడి వైపు చూసిన చూపు మళ్ళీ పప్పు రోజుది.

అక్టోబర్లో మళ్ళీ రాస్తుంది. ఈలోగా ఇంకో విషయం జరిగింది. ఆ నాలుగు సబ్జెక్టుల మెమో అక్క ఫోన్లో పెట్టుకుని అందరికీ చూపించడంతో, గర్ల్స్ హాస్టల్లో ఊడ్చే ఇద్దరు, గేటు దగ్గర సెక్యూరిటీ అన్న ఒకరు, మేమూ రాస్తాం అన్నారు. సెక్యూరిటీ అన్న తొమ్మిది ఫెయిల్. ఆయన డ్యూటీ రాత్రి, కాబట్టి ఆయనకి పగలు చెప్పాలి.

ఈ జులై 15కి పోస్టర్ నేను చేయట్లేదు, జూనియర్ చేస్తున్నాడు. నిన్న డ్రాఫ్ట్ పంపాడు. నెహ్రూని ఆపిన బాలిక, రాజ్యాంగ సభ, పద్మవిభూషణ్. మొదటి లైన్ తీసేయమన్నా. దాని చోట ఇది పెట్టమన్నా: పన్నెండేళ్ళకి బడి మానేశారు, ఇరవై దాటాక మెట్రిక్ రాశారు. 'అది అంత ఇంప్రెసివ్‌గా లేదు భయ్యా' అన్నాడు. ఇన్‌స్టాలో నీ ఇష్టం, మెస్‌లో అంటించేదాంట్లో మాత్రం ఉండాలి, ఫాంట్ పెద్దది పెట్టు, అక్కడ చదివేవాళ్ళు కూడబలుక్కుని చదువుతారు అని చెప్పా.

మనుషులు కావాలి. ఈ సెమిస్టర్ నాకు ల్యాబులు సాయంత్రం దాకా ఉన్నాయి, నలుగురికీ నేనూ నా రూమ్‌మేటూ సరిపోం. ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివి లెక్కలు బాగా వచ్చినవాళ్ళు ఒకరైనా కావాలి, అక్క నన్ను ఇంకోసారి నమ్మేలా లేదు. మంగళ, గురువారాలు, రాత్రి తొమ్మిదింపావుకి, మెస్‌లో వాటర్ ఫిల్టర్ పక్క బల్ల. గంటలు వేయరు, ఫొటో ఉండదు. అక్టోబర్ దాకా రాగలిగితేనే మొదటి రోజు రండి. ఎప్పుడైనా మానేస్తే పొద్దున ఇడ్లీ దగ్గర అక్కకి మీరే చెప్పుకోవాలి.